ఫోర్‌మేన్‌కి కొత్త ట్యూబు

శుభాకర్ హార్బర్‌లో క్రేన్ల ఎలక్ట్రీషియన్. వన్‌టౌన్‌లో మా రెండిళ్లకీ నడిమి గోడ ఒకటే. వాళ్లింట్లో మిక్సీ తిరిగితే మా దేవుడి గూట్లో గంట కదులుతుంది. ఆదివారం వాళ్లు చర్చికి పోతారు, గురువారం మేము కనకమహాలక్ష్మి గుడికి పోతాం. మిగతా రోజులన్నీ బావా అంటే బావా అనుకుంటూనే ఇంత వయసు తెచ్చుకున్నాం.

అతని గురించి ముందుగా ఒక సంగతి చెప్పాలి. వెలుగుతున్న బల్బుని అతను జన్మలో మార్చలేదు. ఉద్యోగంలో అలవాటైన పద్ధతి అది. మాడిపోయిన బల్బు తీసుకెళ్లి స్టోరు కౌంటరు మీద పెడితేనే కొత్తది చేతికిస్తారు. చేరిన కొత్తలో, మసకగా వెలుగుతున్న దీపానికి బదులు కొత్తది అడగబోతే, స్టోరుకీపరు కళ్లజోడు మీంచి చూసి, "సచ్చిందేటి? సచ్చాక అట్టుకురా" అన్నాడట. అప్పట్నించి శుభాకర్‌కి అదే శాస్త్రం. వాళ్ల వంటింట్లో ట్యూబులైటు రెండు చివర్లా నల్లబడి, టపటపా కొట్టుకుంటూ రెండు వర్షాకాలాలు బతికింది. "నా కళ్లు పోయాక మారుత్తాడన్నయ్యా, అప్పుడు కొత్తదైనా పాతదైనా నాకొకటే" అనేది అతని భార్య ఆరోగ్యమ్మ. పప్పులో రాయి వస్తే ఆ ట్యూబు మీదికే తోసేసేది.

వాళ్లకి ఒక్కతే కూతురు, రోజలిన్. ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్లో జువాలజీ చెప్పేది. ఒకనాడు గాలాడే జాలీ పెట్టెలో ఊసరవెల్లిని పెట్టుకుని ఇంటికొచ్చింది. మన తోటల్లో దొరికేదాన్ని పట్టి పెంచితే నేరమట, ఇది యెమెన్ కొండల జాతి, దీనికి కాగితాలున్నాయట. కాగితాలున్న ఊసరవెల్లిని నేను అదే చూడ్డం. మా ఆవిడ కామేశ్వరి పేరంటానికి బయల్దేరినదల్లా దాన్ని చూసి వెనక్కొచ్చి కాళ్లు కడుక్కుంది.

"పేరేటే దీనికి?" అన్నాడు శుభాకర్.

"ఫోర్‌మేన్. సూడు నాన్నా, నెత్తి మీద హెల్మెట్టు. ఒక కన్ను పనోళ్ల మీద, ఒక కన్ను కాంటీన్ మీద."

నిజంగానే దాని తల మీద హెల్మెట్టులా ఎత్తుగా ఉండేది, కళ్లు రెండూ చెరో దిక్కూ తిరిగేవి. శుభాకర్ ఆ రోజు నవ్వినంత నవ్వు నేను మళ్లీ చూళ్లేదు. పెట్టె పైన ఒక పొడుగాటి ట్యూబు బిగించాలంది. స్టూలు ఆ పిల్ల ఎక్కింది, పట్టుకున్నది తండ్రి. క్లిప్పొకటి విరిగిపోతే జడకున్న ఎర్ర రబ్బరుబ్యాండు తీసి ఆ చివర కట్టేసింది. "ఎలక్ట్రీషియన్ కూతురివేనా నువ్వు?" అన్నాడు ఇతను. "పర్మనెంటు కనెక్షన్ నాన్నా" అంది.

ఆ మరుసటి ఏడు వర్షాల్లో రోజలిన్‌కి డెంగీ వచ్చింది. వారం తిరక్కుండానే పోయింది. ఆసుపత్రి మంచం మీంచి ఆఖరుసారి ఫోన్ చేసినప్పుడు, "ఫోర్‌మేన్‌కి నీళ్లు జల్లినావా నాన్నా" అని అడిగిందట. జల్లాను అన్నాడట. జల్లలేదు, ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూ మర్చిపోయాడు. ఫోన్ పెట్టేసి, ఇంటికొచ్చి జల్లాడు.

తర్వాత ఆ పని ఒక్కరోజు తప్పలేదు. ఆ జీవి గిన్నెలో నీళ్లు తాగదు, ఆకుల మీద బొట్లు చూస్తేనే తాగుతుంది. మంగలి షాపులో నీళ్లు జల్లే సీసాలాంటిది ఒకటి కొని పొద్దున్నే ఆకులన్నీ తడిపేవాడు. డ్యూటీనించి వచ్చాక ఆ గదిలోనే కూర్చునేవాడు. ఆరోగ్యమ్మ మాత్రం ఆ గది గడప తొక్కేది కాదు. "దెయ్యం మొకంది. దానికి బతుకిచ్చీసి దేవుడు నా గుంటని అట్టుకుపోయినాడు" అనేది. అంటూనే మందార పువ్వులు తెంపి గుమ్మం దగ్గర పెట్టి పోయేది. ఫోర్‌మేన్‌కి మందారాలంటే ఇష్టం.

మిడతలు పట్టే పని నాది. ఇది పెద్దగా చెప్పుకునే సంగతి కాదు. బీపీ ఉంది, నడవాలి అని ఇంట్లో చెప్పి, చేతిలో ప్లాస్టిక్ కవరుతో పార్కు గడ్డిలో గెంతులేసేవాణ్ణి. ఒకసారి మా ఆఫీసు సూపరింటెండెంటు ఎదురై, "ఏటి మూర్తిగారూ, ఏటి పడిపోయింది?" అంటే, ఉంగరం అన్నాను. పాపం ఆయన కూడా వంగి కాసేపు వెతికాడు.

ఒక కార్తీక మాసంలో ఫోర్‌మేన్ గురి తప్పడం మొదలెట్టింది. అంతకుముందు నాలుక అంత దూరాన్నించి బాణంలా వచ్చేది, మిడత మాయమైపోయేది. ఇప్పుడు నాలుక సగం దాకా వచ్చి జారిపోతోంది. కొమ్మ పట్టుకున్న ముందుచెయ్యి వణుకుతోంది, మోచెయ్యి దగ్గర వంకర తిరిగింది.

డాక్టర్ ఆశాజ్యోతి దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ కుక్కల డాక్టరే, ఇలాంటివీ చూస్తుంది. దాని చెయ్యి మెల్లిగా తడిమి చూసింది.

"ట్యూబు ఎప్పుడు మార్చారండీ?"

"మార్సలేదు మేడమ్. ఎలుగుతన్నాది" అన్నాడు శుభాకర్.

"వెలగడం సంగతి కాదు. పెట్టి ఎన్నాళ్లయింది?"

"ఎలుగుతన్నదాన్ని ఎందుకు మారుత్తారు మేడమ్?"

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఎండలో మన కంటికి కనపడని భాగం ఒకటుంటుందండీ. యూవీబీ అంటారు. అది ఒంటికి తగిల్తేనే, తిన్న కాల్షియం ఎముకకి పడుతుంది. మీ ట్యూబులో ఆ భాగం ఏడాదిలోపే అయిపోతుంది. ఆ తర్వాత కూడా ట్యూబు వెలుగుతుంది, ఆ వెలుగు మన కోసం. దీని వరకూ అది చీకటే."

"కిటికీలోంచి ఎండ పడతాది కదండీ" అన్నాను నేను.

"కిటికీ తెరిచి ఉంటుందా?"

లేదు. హార్బర్ వైపు గాలి తిరిగితే గిన్నెల్లోకి దాకా నల్లదుమ్ము వస్తుంది, మా వీధిలో ఆ వైపు అద్దాలు ఎవరూ తియ్యరు.

"అద్దం దాన్ని ఆపేస్తుందండీ. ఎండ కాచినట్టే ఉంటుంది, దీనికి అందేది ఉండదు. రోజూ పొద్దున్న కాసేపు మేడ మీద పెట్టండి. ట్యూబు వెంటనే మార్చండి. ఆలస్యం చేస్తే కష్టం."

మెట్లు దిగుతూ శుభాకర్ ఒక్క మాటే అన్నాడు. "అది సచ్చిపోయిందని నాకెలగ తెలుత్తాది బావా. ఎలుగుతంటే."

మేడ మీద పెడదామంటే అప్పుడే వాయుగుండం పట్టింది. ఆకాశం గోనెపట్టాలా ఉంది. ఇక ట్యూబే గతి అని ద్వారకా నగర్ వెళ్లాం. ఎలక్ట్రికల్ షాపులో పెళ్లిసీజను జనం. శుభాకర్ నన్ను ముందుకి తోశాడు. నేనే కౌంటరు దగ్గరికి వెళ్లి, "ఊసరవెల్లికి లైటు కావాలండీ" అన్నాను.

షాపు యజమాని జగ్గారావు తల ఎత్తకుండా, "ఏ పార్టీ సార్? స్టేజీకా, ఊరేగింపుకా?" అన్నాడు.

జనమంతా నవ్వారు. నిజం ఊసరవెల్లికే అని నేను చెబితే ఇంకొంచెం నవ్వారు. పాపం మనిషి మంచివాడే. యూవీ అన్నమాట వినగానే లోపలికెళ్లి దోమలు చంపే నీలం లైటొకటి, మంచినీళ్ల మిషన్లో వేసే ట్యూబొకటి, గోళ్లరంగు ఆరబెట్టే పెట్టొకటి తెచ్చి వరసగా పెట్టాడు. "ఇయన్నీ యూవీలే సార్. మీవోడికి ఏది నప్పుతాదో సూసుకోండి."

శుభాకర్ నీళ్ల మిషన్ ట్యూబు చేతిలోకి తీసుకుని, మెల్లిగా కింద పెట్టాడు. డాక్టరమ్మ దాని గురించి గట్టిగా చెప్పింది, అది కళ్లు కాల్చేస్తుందని. "మా గుంట ఉంటే తిట్టుండును బావా" అన్నాడు. షాపులో నవ్వుతున్నవాళ్లకి ఆ మాట వినపడలేదు.

ఆఖరికి రంగుచేపలు అమ్మే షాపువాడు హైదరాబాదునించి తెప్పిస్తానన్నాడు. ఫోన్లో బొమ్మలు చూపించాడు. చుట్టలు చుట్టిన బల్బు వద్దు, వెలుగు ఒక్కచోటే పడుతుంది, పొడుగు ట్యూబే కావాలి. అందులోనూ ఎడారి జీవులకి ఘాటైనది, అడవి జీవులకి కొంచెం తక్కువది. ఇద్దరం బుర్రలు గోక్కున్నాం.

"యెమెన్ అంటే ఎడారే కదేటి?" అన్నాను.

"కాదు బావా. కొండల్లో సెట్ల మీదుంటాదని సెప్పీది. మన యారాడ కొండలాగ అనుకో నాన్నా అనీది. అడవిదే ఇమ్మను."

కూతురు చెప్పిన పాఠం అంత శ్రద్ధగా అప్పజెప్పిన తండ్రిని నేను చూళ్లేదు. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే అదే సరైనదంది.

ట్యూబు వచ్చింది. వచ్చి బీరువా మీద పడుకుంది. శుభాకర్ దాన్ని విప్పలేదు. "ఈ రోజు డబుల్ డ్యూటీ" అంటాడు. "సెయ్యి నొప్పి" అంటాడు. ఒకసారి ఆ గదిలోకెళ్లి చూశాను. స్టూలు పెట్టెకి ఆనించి ఉంది. శుభాకర్ కింద నిలబడి ఆ ఎర్ర రబ్బరుబ్యాండు వైపు చూస్తున్నాడు. ఊరంత క్రేనుకి కరెంటు ఇచ్చే మనిషికి ఆ స్టూలు ఎక్కడం చేతకాలేదు. నేను దగ్గి, మజ్జిగ అడగడానికి వచ్చినట్టు నటించి, తాగి వచ్చేశాను.

ఫోర్‌మేన్ కొమ్మ వదిలేసి అడుగున కూర్చోవడం మొదలెట్టింది.

ఒక మధ్యాహ్నం గోడ అవతలినించి ఆరోగ్యమ్మ పిలిచింది. "అన్నయ్యా, ఒకపాలి రా. స్టూలు అట్టుకోవాల."

వెళ్లేసరికి ఆ గదిలో ఉంది. కూతురు పోయాక ఆవిడ ఆ గడప దాటడం అదే మొదలు. చీరకొంగు నడుముకి దోపుకుంది. కొత్త ట్యూబు మంచం మీద విప్పి ఉంది.

"ముందు దీన్ని అట్టుకో" అని ఫోర్‌మేన్‌ని తీసి నా భుజం మీద పెట్టింది. దెయ్యం మొకంది అన్న చేతులు దాన్ని ఎంత మెత్తగా ఎత్తాయో. నాకు మాత్రం ప్రాణం అరికాళ్లలోకి దిగిపోయింది. అది నెత్తిన పడితే కీడని మా అమ్మ చిన్నప్పుడు చెప్పిన మాట ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆ మాట దానికీ తెలిసినట్టుంది, వణికే చేతుల్తో ఒక్కో అడుగూ వేసుకుంటూ నా చెవి మీదినించి సరాసరి బట్టతల మీదికి ఎక్కి కూర్చుంది.

"ఆరోగ్యమ్మా, దీన్ని దించు."

"ఉండన్నయ్యా. హెల్మెట్టు బాగుంది నీకు."

ఆవిడ నవ్వింది. స్టూలు మీద నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఒళ్లంతా కదిలేలా నవ్వింది. నవ్వుతూనే చెయ్యి పైకి పెట్టి రబ్బరుబ్యాండు లాగబోయింది. అది సాగలేదు. వేడికి ఎప్పుడు ఎండిపోయిందో, అటుకుల్లా పొడిపొడిగా రాలిపోయింది. ఎర్రటి ముక్కలు ఆవిడ అరచేతిలో కొన్ని, నేల మీద కొన్ని. నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలీదు. నేను తల కదపకుండా స్టూలు పట్టుకుని నిలబడ్డాను.

"పురికొస ఉంటాది, ఆ గూట్లో, అందుకో" అంది. ఆ చివర పురికొసతో కట్టింది. నేల మీది ముక్కలు ఒక్కొక్కటే ఏరి కొంగున ముడేసుకుంది. పాత ట్యూబుని పారెయ్యలేదు, కొత్తదాని అట్టపెట్టెలో పెట్టి బీరువా మీదికి ఎక్కించింది.

సాయంత్రం శుభాకర్ వచ్చేసరికి నేనింకా అక్కడే ఉన్నాను. గుమ్మంలోనే ఆగిపోయాడు. పెట్టెలో వెలుగు తెల్లగా ఉంది. కట్టు వైపు చూశాడు. అక్కడ పురికొస ఉంది.

"పాతదేది?"

"స్టోరుకి అప్పజెప్పీసినాను" అంది ఆరోగ్యమ్మ, వంటింట్లోంచి బయటికి రాకుండా.

అతను తలూపాడు. బూట్లు విప్పకుండా వెళ్లి పెట్టె ముందు కూర్చున్నాడు.

కొత్త ట్యూబు కింద ఫోర్‌మేన్ కొంచెం తేరుకుంది. మందు వేశాం, కాల్షియం పొడి అద్దిన మిడతల్ని నోటి దగ్గర పెట్టాం. ఒకనాడు మధ్యాహ్నం ఒళ్లంతా లేత అరటాకు రంగు తిరిగి, కొమ్మ ఎక్కి, ఒక కన్ను శుభాకర్ మీద, ఒక కన్ను గుమ్మంలో నిలబడ్డ ఆరోగ్యమ్మ మీద పెట్టింది. ఆ పూట వాళ్లింట్లో రొయ్యలు వండారు, మాకూ గిన్నెడు వచ్చాయి. ఇక బతికేస్తుంది అనుకున్నాం.

క్రిస్మస్‌కి ముందే పోయింది. పొద్దున్న నీళ్లు జల్లబోతే ఆకుల కింద ఉంది. దానికంటూ ఉన్న రంగులన్నీ పోయి బూడిదరంగు ఒకటే మిగిలింది. మేడ మీది మందార కుండీలో పెట్టారు. శుభాకర్ తవ్వాడు, ఆరోగ్యమ్మ మట్టి కప్పింది. నేనేం చెయ్యాలో తెలీక చేతిలో ఉన్న మిడతల కవరు విప్పేశాను. అవి మేడంతా గెంతాయి.

తర్వాతి వారం శుభాకర్ నన్ను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికెళ్లాడు. కొత్త ట్యూబుని పాత తువ్వాల్లో చుట్టి, బస్సులో పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇందులో సత్తువ ఇంకా ఉన్నాది మేడమ్. ఎవుళ్ల దగ్గరైనా ఇలాంటి జీవముంటే ఇయ్యండి. పాతది తెమ్మని మాత్రం అడక్కండి."

ఆవిడ తీసుకుంది. అతని మొహంలోకి చూసి, "ముందే మార్చి ఉంటే అని మనసులో పెట్టుకోకండి. ఇవి నాజూకు జీవులు" అంది. శుభాకర్ గోడ మీది కుక్కల బొమ్మ చూస్తూ ఉన్నాడు. ఆవిడ మాట మార్చడానికన్నట్టు, "ఆ పాత ట్యూబు ఇంట్లో ఉంచుకోకండి. పగిల్తే మంచిది కాదు. ఇక దానితో పని కూడా లేదు కదా" అంది.

శుభాకర్ తువ్వాలు నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకున్నాడు.

"అది ఎలుగుతన్నాది మేడమ్" అన్నాడు.