లేవని వేలు

వేలు హార్మోనియం మెట్టు మీద పడింది. పడ్డది మళ్లీ లేవలేదు.

రెండువేల మూడో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. సిద్దయ్య అప్పుడు లాల్‌గడి మలక్‌పేట్‌లో చిరుతల భజన నేర్పుతున్నాడు. పదిహేను మంది మగవాళ్లు చేతుల్లో చిరుతల చెక్కలు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఆడుతుంటే, మధ్యలో కూర్చుని హార్మోనియం వాయిస్తూ పాట అందించడం ఆయన పని. ఎడమచెయ్యి తిత్తి కొడుతుంది, కుడిచెయ్యి మెట్ల మీద పరుగెడుతుంది. పదిహేనేళ్లుగా అలా పరుగెడుతూనే ఉంది. ఆ సాయంత్రం మాత్రం ఉంగరం వేలు ఒక మెట్టును నొక్కి అక్కడే పడుకుంది. మొదటి స్వరం పోకముందే రెండోది వచ్చి దాని మీద పడింది. వినలేక ఆట ఆపేశారు.

"పంతులూ, పెట్టె ఏందో మొత్తుకుంటాంది" అన్నాడు బాలమల్లు. భజనలో రాజు వేషం అతనిదే. ఊళ్లో అందరినీ కూడగట్టి సిద్దయ్యను పిలిపించుకున్నదీ అతనే.

"ఎండకు మెట్లు బిగుసుకున్నయి. పాత పెట్టె గదా" అన్నాడు సిద్దయ్య.

అబద్ధం. మెట్లకు ఏ రోగమూ లేదు. ఎడమచేత్తో ఆ వేలిని పట్టుకుని పైకి లేపి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. ఎవరూ చూడలేదు. ఆయన ఒళ్లంతా మాత్రం చెమట పట్టేసింది.

అంత భయం ఎందుకంటే, దానికో కథ ఉంది. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇల్లు వాళ్లది. సిద్దయ్యకు రెండేళ్లప్పుడు జ్వరం వచ్చింది. "పండవెడితే పండినవు బిడ్డా, తెల్లారి లేచి సూస్తే కుడికాలు లేస్తలేదు" అని కన్న అవ్వ చెప్పేది. ఊరికే చెప్పేదా, వచ్చినవాళ్లందరికీ చెప్పేది. అందుకని లేవకపోవడం అంటే ఏమిటో సిద్దయ్యకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కాలు తిన్న రోగం ఇన్నాళ్లకు ఒళ్లెక్కి చేతిదాకా వచ్చిందని ఆయనకు ఆ క్షణమే తెలిసిపోయింది. తెలిసిపోయిందని అనుకున్నాడు పాపం.

కాలు పోతే పోనీ, చేతులున్నాయి కదా అని బతికిన మనిషి. మేడ్చల్‌లో పట్టాభిరామయ్య గారని, నాటకాలకు హార్మోనియం వాయించిన ముసలాయన, "ఈ పెట్టెకు కాళ్లతో పనేముందిరా?" అని దగ్గర కూర్చోబెట్టుకుని నాలుగేళ్లు నేర్పాడు. ఆ తర్వాత సిద్దయ్య ఆగలేదు. తూంకుంట నుంచి అటు అలియాబాద్ దాకా ఆయన భజన నేర్పని ఊరు లేదు. కుడి చంకలో కట్టె, ఎడమ భుజానికి దుప్పటిలో కట్టి వేలాడదీసిన హార్మోనియం. అంత బరువుతో కరీంనగర్ రోడ్డు మీద బస్సు దిగి, ఊళ్లోకి రెండు మైళ్లయినా నడిచే వెళ్లేవాడు. పెట్టె ఇటివ్వమని ఎవరైనా చెయ్యి చాపారో, ఇక వాళ్లకు మూడింది. ముఖం గంటు పెట్టుకుని ఆ పూట వాళ్లతో మాట్లాడేవాడు కాదు.

మరి ఇప్పుడు? పొద్దున లేవగానే దుప్పటి అంచు మీద కుడిచెయ్యి పెట్టి ఒక్కొక్క వేలినీ లెమ్మనడం అలవాటయింది. మొదటి వారం నాలుగు లేచాయి. రెండో వారం రెండు. ఆ తర్వాత మణికట్టే కిందికి వాలిపోయింది. తెల్లారితే ఎడమచెయ్యి కూడా ఉండదేమోనని కళ్లు మూసుకోవాలంటేనే భయపడేవాడు. నువ్వుల నూనె రాశాడు, వేడి ఇసుక మూటతో కాపడం పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు, పెట్టె బాగయ్యాకే వస్తానని ఊళ్లకు కబురు పెట్టాడు. చెబితే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. తూంకుంటలో ఒకతను క్యాషియో కొన్నాడు. కరెంటు పెడితే చాలు, డోలకూ తాళాలూ అన్నీ అదే వాయిస్తుంది. సిద్దయ్య పంతులుకు చెయ్యి పడిపోయిందట అనే మాట బస్సెక్కిందంటే, మరునాటికి అన్ని ఊళ్లూ ఆ తలుపే తడతాయి.

ఊరికి చెప్పకుండా దాచాడు సరే, ఇంట్లో యాదవ్వ ఉంది. అన్నం ముద్ద రెండుసార్లు జారిపడ్డాక, ఒకరోజు సిద్దయ్య చెంచా అడిగాడు. పెళ్లాం దగ్గర అంతకంటే తెలివితక్కువ పని ఉంటుందా?

"పెండ్లినాటి సంది లేని చెంచా ఇయ్యాల ఎందుకయ్యా?"

"ఊకె."

యాదవ్వ వచ్చి ఆయన కుడిచేతిని ఎత్తి పట్టుకుని వదిలింది. అది తొడ మీద పడింది. ఆమె ఏడవలేదు గానీ, ముఖం తెల్లబోయింది.

"ఎన్నొద్దులాయె?"

"నెల దాటింది. యాదవ్వా, కాలు లెక్కనే ఇది గూడ పోతాంది. నాకు మస్తు భయమైతాంది."

పెళ్లయిన పద్నాలుగేళ్లలో భయమనే మాట ఆయన నోట ఆమె విననే లేదు. మరునాడే బస్సెక్కించి మేడ్చల్ దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరు చెయ్యి చూసి, సూదితో పొడిచి చూసి, "ఒకసారి ఆ గోడ దాకా నడువు" అన్నాడు. సిద్దయ్య నడిచాడు. రమ్మన్నాడు. వచ్చాడు. అంగీ విప్పమని కుడి చంకలోకి చూశాడు. అక్కడ చర్మం నల్లగా కాయ కాచి ఉంది.

"రోగం ఎక్కలేదయ్యా. ఈ కట్టె నీకు పొడుగైంది, పైనుంచి నువ్వు ఒళ్లంతా దీని మీదే మోపుతున్నవు. చేతికి పోయే నరం చంకల్నే ఉంటది. అది నలిగింది."

సిద్దయ్యకు నవ్వొచ్చింది. రోగం కాదన్న మాటకు ఒళ్లు తేలికైపోయింది. కాని డాక్టరు ఇంకా అయిపోలేదన్నట్టు చూస్తున్నాడు.

"మూడు నెలలు ఈ కట్టె ముట్టొద్దు. నరం తేరుకుంటదో లేదో నేనూ చెప్పలేను. ముట్టినవంటే మాత్రం ఆ చెయ్యి మీద ఆశ వదులుకో."

"ఎడమ సంకల పెట్టుకుంట సార్."

"ఉన్న ఒక్క చెయ్యి గూడ పోగొట్టుకుంటవా?"

"మరి నడుసుడెట్ల?"

"నడువకు. ఇంట్లోవాళ్లు ఎత్తుకుంటరు."

ఎంత తేలిగ్గా అనేశాడో చూడండి. పదకొండేళ్లు వచ్చేదాకా సిద్దయ్యను అవ్వ చంకనేసుకుని బడికి మోసింది. సంకపిల్లగాడు, సంకపిల్లగాడు అని బడి మొత్తం వెంటపడేది. చంకలోకి కట్టె వచ్చిన రోజున చెరువు గట్టు మీద నిలబడి, ఇక నన్నెవరూ ఎత్తొద్దని ఆ పిల్లవాడు ఒట్టు పెట్టుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు ఒట్టు నిలిస్తే చెయ్యి పోతుంది. ఒట్టు పోతే చెయ్యి వస్తుందా అంటే, అదీ ఎవరూ చెప్పరు. ఎటు చూసినా భయమే.

ఆ రోజు ఆ కట్టె మీదే ఇల్లు చేరి, దాన్ని గోడకు ఆనించి, వారం రోజులు గుమ్మం దాటలేదు. లాల్‌గడి మలక్‌పేట్‌లో వేషాలు కట్టి ఆట ఆడే రోజు రానే వచ్చింది. ఇంకా ఎందుకు రాలేదో చూద్దామని బాలమల్లే ఆటో వేసుకుని శామీర్‌పేట వచ్చాడు. వాళ్ల సందులోకి ఆటో పట్టదు. రోడ్డు మీద ఆపి నడిచి వచ్చాడు.

సిద్దయ్య దాచలేదు. ఇక దాచే ఓపిక లేదు. "నా చెయ్యి లేస్తలేదు బాలమల్లూ. మెట్లు బిగుసుకున్నయని మీకు అబద్ధం చెప్పిన. క్యాషియో ఆయనను పిలుసుకో" అన్నాడు.

బాలమల్లు తల అడ్డంగా ఊపాడు. "గా ఆయనకు మా పాటలేం ఎరుక పంతులూ? ఎడమచేత్తోని ఎంతొస్తే అంత వాయించు."

"తిత్తెవరు కొడ్తరు?"

"నేను కొడ్త" అంది యాదవ్వ పొయ్యి దగ్గరి నుంచి. "పద్నాలుగేండ్ల సంది సూస్తలేనా?"

ఆమె హార్మోనియాన్ని దుప్పటిలో కట్టి తన భుజానికే వేసుకుంది. సిద్దయ్య ముఖం గంటు పెట్టుకోలేదు. గోడకు ఆనించిన కట్టె చేతికందేంత దూరంలో ఉంది. సందులో ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడి ఉన్నారు, పిల్లలు గోలీలాడుతున్నారు. అందరి ముందు నుంచే పోవాలి. చిన్నప్పటి బడి మొత్తం ఆ సందులోనే నిలబడి ఉన్నట్టు ఆయనకు అనిపించింది.

బాలమల్లు చెయ్యి చాపలేదు. సిద్దయ్య పంతులు కోపం అతనికి తెలుసు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

సిద్దయ్య తల వంచుకుని, "ఎత్తుకో" అన్నాడు.

బాలమల్లు వీపు తిప్పి కింద కూర్చున్నాడు. సిద్దయ్య ఎడమచెయ్యి అతని మెడ చుట్టూ వేశాడు. కుడిచెయ్యి భుజం మీద నుంచి అతని రొమ్ము మీదికి వేలాడింది. లెమ్మని వేళ్లకు మనసులో చెప్పి చూశాడు. ఒక్కటీ కదల్లేదు.

"గట్టిగ పట్టుకో పంతులూ, లేస్తున్న."

"కుడిచేతికి పట్టు లేదు బాలమల్లూ. దాన్ని నువ్వే పట్టుకో."

బాలమల్లు ఆ మణికట్టును గుప్పిట్లోకి తీసుకుని లేచి నిలబడి, సందులోకి నడిచాడు.