టైపు మేడం నమ్మని ప్రింటర్

టైపు మేడం పోయారన్న కబురు నాకు ఫోన్లో మెసేజ్‌గా వచ్చింది. పంపింది ఎవరో తెలియని నంబరు. ఒక వాక్యం, కింద దండం పెట్టే చేతుల బొమ్మ, అంతే. నేను నమ్మలేదు. బతికున్న మనిషి ఫోటోకు దండ వేసి ఊరంతా పంపే రోజులివి. అప్పుడు నేను నిజామాబాద్‌లో మా స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ పాఠం చెబుతున్నాను. పాఠం ఆపి వరండాలోకి వచ్చి, బోధన్‌లో ఉన్న మేడం చెల్లెలికి ఫోన్ చేశాను.

"అవును బిడ్డా, పొద్దుగాల్లనే పోయింది అక్క," అందామె.

అయినా నా నోరు ఊరుకోలేదు. "డాక్టర్ వచ్చి చూసిండా? ఎవరు చెప్పిండ్రు?" అని అడిగేశాను. అడిగాక సిగ్గేసింది. అవతల ఏడుపులోనే చిన్న నవ్వు వినిపించింది.

"అచ్చం అక్క లెక్కనే అడిగినవ్."

అవును, అట్లా అడగడం నాకు నేర్పింది ఆమే. టైపు నేర్పినదానికంటే అది ఎక్కువ నేర్పారు.

బోధన్ బజారులో మేడం టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. చెరుకు రైతుల పిల్లలం, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన వాళ్ళ పిల్లలం, బీడీలు చుట్టే ఇళ్ళ ఆడపిల్లలం అందరం ఆ గదిలోనే కూర్చుని మిషన్లు టకటకలాడించాం. మేడం మా వెనక నిలబడేవారు. తప్పు కొడితే ఏమీ అనేవారు కాదు. కొట్టిన కాగితాన్ని బల్ల మీద వదిలేసి లేస్తే మాత్రం ఊరుకునేవారు కాదు.

"గా కాయితం ఎవరికి ఇడిసిపెట్టినవ్? నీ ఎనుక ఎవరొస్తరో నీకు ఎరుకనా?"

వాడిన కార్బన్ పేపర్లను చించి, ఇంటికి తీసుకుపోయి పొయ్యిలో వేసేవారు. అప్పట్లో మాకు నవ్వొచ్చేది. చాలా ఏళ్ళకు ఒకరోజు తనే కారణం చెప్పారు. పెళ్ళి కాని వయసులో ఆమె ఏదో ఆఫీసులో టైపిస్టు. ఒకరి బదిలీ ఆర్డరు టైపు చేశారు. అది సంతకం కాకముందే బజారులో తెలిసిపోయింది. టైపు చేసింది ఆమె కాబట్టి ఆమే చెప్పి ఉంటుందన్నారు. నిజానికి బుట్టలో పడేసిన కార్బన్‌ను ఎవరో వెలుతురుకు పట్టి చదివారు. ఆ సంగతి తేలేసరికి ఆమె ఉద్యోగం పోయింది.

"నేను ఎవ్వరికి చెప్పలే. కాయితం చెప్పింది," అన్నారు మేడం.

అప్పటి నుంచి ఆమె దేన్నీ ఊరికే నమ్మలేదు. బస్సెక్కితే ఎటు పోతుందో కండక్టర్ని అడిగి, మళ్ళీ వెళ్ళి డ్రైవర్ని అడిగేవారు. డాక్టర్ రాసిన గోలీలు సగం ఒక దుకాణంలో, సగం ఇంకో దుకాణంలో కొని, రెండూ పక్కపక్కన పెట్టి రంగు చూసేవారు. ఒకసారి నేను, "ఈ చీర మీకు మంచిగున్నది మేడం," అన్నాను. "ఏం గావాలె నీకు?" అన్నారు. ఏమీ వద్దని ఎంత చెప్పినా, ఆ సాయంత్రం వరకు నావైపు అదోలా చూస్తూనే ఉన్నారు.

టైపు మిషన్ల కాలం పోయాక ఇన్‌స్టిట్యూట్ మూసి, అదే గదిలో కంప్యూటర్ పెట్టి జాబ్‌వర్క్ మొదలుపెట్టారు. వకీళ్ళు రాసిచ్చిన దావాలు, అర్జీలు, అగ్రిమెంట్లు టైపు చేసి ఇవ్వడమే పని. వెనక గదిలోనే కాపురం. మిషన్లన్నీ అమ్మేసినా ఒక్కదాన్ని మాత్రం గుడ్డ కప్పి మూలన ఉంచుకున్నారు.

పాత కంప్యూటర్ పూర్తిగా పాడయ్యాక, చెల్లెలి కూతురు నిజామాబాద్‌లో ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రింటర్ కొని తెచ్చిపెట్టింది. అది వైర్‌లెస్ ప్రింటర్. మేడం ఆ పెట్టెను విప్పలేదు. నాకు ఫోన్ చేశారు.

"దీనికి తీగ లేదంట. తీగ లేకుంట కాయితం గాలిల పోతదంట. గాలిల పోయేది ఇక్కడికే వస్తదని ఎవరు జెప్పిండ్రు? నువ్వొచ్చి సూడు."

ఆదివారం బస్సెక్కి బోధన్ వెళ్ళాను. గదిలో మేడంతో పాటు ఇంకో అమ్మాయి ఉంది. కోటగిరి పక్క ఊరికి కోడలిగా వెళ్ళిన పిల్ల. గోడ వైపు ముఖం తిప్పి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంది. మేడం నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి సంగతి చెప్పారు. మొగుడు తాగి కొడుతున్నాడు. కేసు వేయడానికి వకీలును కలిసింది. ఆయన రాసిచ్చిన కాగితం ఈరోజు టైపు కావాలి. బయటపడితే మాత్రం ఆ పిల్ల ఇల్లు చేరదు. పైగా పక్క గదిలో సెల్‌ఫోన్లు, జిరాక్స్ దుకాణం నడిపే ఆయన ఆమె మొగుడికి సొంత మేనమామ.

"మరి ఇక్కడికే ఎందుకు వచ్చింది మేడం?"

"వకీలు సాబ్ పంపిండు. పక్కన ఎవరున్నడో ఆయనకేమెరుక? ఎనుక దర్వాజల నుంచి తీసుకొచ్చిన," అన్నారు.

పెట్టె విప్పాను. ప్రింటర్‌కు అంటించిన నీలం టేపులు పీకి, రంగు సీసాలు పోసి, కరెంటు పెట్టాను. తెల్ల లైటు మిణుకు మిణుకుమనే దాకా బటన్ నొక్కి పట్టుకున్నాను. ఆ రెండు దుకాణాలకూ ఇంటి ఓనరు ఒకటే ఇంటర్నెట్ పెట్టించాడు. పాస్‌వర్డ్ అడిగాను.

"అటు తిరుగు," అన్నారు మేడం.

"నాకు చెప్పుండ్రి, నేనే కొడత."

"తిరుగు పిల్లా."

"మేడం, ఇది పక్క దుకాణపాయనకు గూడ తెలిసిందే గద?"

"ఆయనకు తెల్సని నీకు గూడ చెప్పాల్నా?"

గోడ వైపు తిరిగాను. ఆమె ఒక్కో అక్షరం వెతికి నొక్కడం వినిపించింది. ప్రింటర్ కూడా పాస్‌వర్డ్ అడిగింది. మళ్ళీ తిరిగాను. కొంగు కప్పుకున్న పిల్ల ఆ రోజు మొదటిసారి నవ్వింది.

ల్యాప్‌టాప్‌లో ప్రింటర్లను వెతికితే ఒకే పేరు రెండుసార్లు కనిపించింది. ఒక్కోసారి ఒకే ప్రింటర్ రెండుసార్లు కనిపించడం ఉన్నదే. ఆ మాటే చెప్పాను.

"నేను కొన్నది ఒక్కటే. ఇంకోటి ఎక్కడిది?" మేడం కళ్ళద్దాలు సవరించుకుని తెర దగ్గరికి వంగారు. "అసలు కాయితం ఇప్పుడే పంపకు. ఉత్త కాయితం పంపుదాం."

నన్ను లేపి తనే కూర్చున్నారు. పరీక్ష కోసం ఎవరైనా ఒకటి రెండు అంకెలు కొడతారు, లేదంటే పేరు కొడతారు. మేడం ఇట్లా కొట్టారు: ఈ కాగితము ఎవరి వద్దకు వచ్చినదో వారు దయచేసి తెచ్చి ఇవ్వగలరు.

నేను నవ్వు ఆపుకుంటూ మొదటి పేరు మీద నొక్కాను. మా ప్రింటర్ కదల్లేదు. లైటు నిలకడగా వెలుగుతోంది, చప్పుడు లేదు. గోడ అవతల మాత్రం సన్నగా ఏదో గిర్రుమంది. మేడం నావైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

కాసేపటికి పక్క దుకాణం ఆయన కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "మేడం, ఇదేదో నాకొచ్చింది. తెచ్చియ్యుమని రాసున్నదని తెచ్చిన," అని నవ్వబోయి, మూలనున్న పిల్లను చూసి ఆగిపోయాడు.

"ఏందమ్మా, నువ్విక్కడున్నవేంది?"

ఆ పిల్ల ముఖంలో నెత్తురు లేదు. వకీలు కాగితం బల్ల మీదే, ల్యాప్‌టాప్ పక్కనే ఉంది. మేడం తన చేతిసంచిని మెల్లగా దాని మీద పెట్టారు.

"టైపు నేర్చుకుంటదంట. బీడీలతోని నడుము నొస్తున్నదంట," అన్నారు.

"టైపా? ఇప్పుడెవరు నేర్చుకుంటుండ్రు మేడం?"

"నేర్చుకునేటోళ్ళు నేర్చుకుంటుండ్రు." మేడం మూలకెళ్ళి పాత మిషన్ మీది గుడ్డ తీసి, ఆ పిల్లను ముందు కూర్చోబెట్టారు. "వేళ్ళు గిట్ల పెట్టు. చిటికెన వేలుతోని మొదలువెట్టు."

ఆయన పోలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల ఒక్కో మీట నొక్కుతూ ఉంది. మేడం వెనక నిలబడి పాఠం చెబుతూ ఉన్నారు. నేను ప్రింటర్ మూత ఎత్తుతూ, మూస్తూ ఉన్నాను. ఆయన ఆ పిల్లను చూశాడు, బల్లను చూశాడు, నన్ను చూశాడు. చివరికి, "మంచిదే," అని వెళ్ళిపోయాడు. ఆ 'మంచిదే' ఏ రకం మంచిదో మాకు ముగ్గురికీ అర్థం కాలేదు.

రెండో పేరు మీద నొక్కితే మా ప్రింటర్లోనే వచ్చింది. పక్క దుకాణంలో ఉన్నదీ అదే రకం ప్రింటర్, అందుకే పేరూ ఒకటే. "ఇంక భయం లేదు మేడం, దీని పేరు మార్చి పెడత, కలువదు," అన్నాను. మేడం వినలేదు.

"మనది ఆయనకు పోయిందంటే, ఇంకోపారి పోదని ఏమున్నది? దీనికి తీగ పెట్టే సందు ఉన్నదా?"

ఉంది, వెనక వైపు. తీగ మాత్రం పెట్టెలో రాలేదు. ఆదివారం కాబట్టి బజారులో తెరిచి ఉన్నది పక్క దుకాణం ఒక్కటే. నేనే వెళ్ళాను. ఆయన తీగ తీసి నా చేతికిస్తూ అడిగాడు. "వైర్‌లెస్ ప్రింటర్‌కు వైరెందుకమ్మా?"

"మేడం అడిగింది," అన్నాను.

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం మేడం తలుపు దగ్గరికి వేసి, వకీలు కాగితం టైపు చేసి, తీగతోనే ప్రింటు తీశారు. ఆ పిల్ల దాన్ని జాకెట్లో దోపుకుని వెనక దారిన వెళ్ళింది. నేను బస్సులో కూర్చున్నాక కూడా మనసు కుదుటపడలేదు. ఆయన ఫోన్ చేసి చెప్పేసి ఉంటాడా? ఆ పిల్ల ఇంటికి చేరేసరికి ఏమై ఉంటుంది? మరునాడు మేడం ఫోన్ చేశారు. ఆ పిల్ల టైపు పాఠానికి వచ్చిందట. అబద్ధం నిలబడాలంటే పాఠం నిజంగానే సాగాలి కదా. తర్వాత కూడా వస్తూనే ఉంది.

కోర్టు నోటీసు మొగుడికి అందిన రోజు, ఆ పిల్ల కూతుర్ని తీసుకుని బోధన్‌లోని తల్లిగారింటికి వచ్చేసింది. ఆ సాయంత్రం పక్క దుకాణం ఆయన చాయ్ గ్లాసులు పట్టుకుని మేడం గదికి వచ్చాడట.

"ఆ దినమే నాకు అనుమానమొచ్చింది మేడం. మా అక్కకు చెప్పలే. వాడు కొట్టుడు నా కండ్లతోని సూసిన. అడ్డంపోవుడు నాతోని కాలే. కనీసం నోరన్న మూసుకుందామనుకున్న."

ఈ సంగతి నాకు ఫోన్లో చెప్పి, మేడం అడిగారు. "నిజంగనే చెప్పలేదంటవా? ఆయనకేం లాభం?"

"లాభం లేకుంటనే చేసిండేమో మేడం."

"ఏమో," అన్నారు. ఇంత కాలం ఆయన చాయ్ పంపితే వద్దని తిప్పి పంపిన మనిషి, ఆ రోజు తాగారట. "ముందు నువ్వు తాగు" అని ఆయన తాగేదాకా చూసి, తర్వాత తాగారట. ఆయన నొచ్చుకోలేదని కూడా చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏదో మెత్తదనం ఉంది. నేను దాన్ని ఎత్తిచూపలేదు. ఎత్తిచూపితే ఏం కావాలని అడుగుతారు.

ఆ పిల్ల మిషన్ నుంచి ల్యాప్‌టాప్‌కు మారింది. తెలుగు టైపు కూడా పట్టుకుంది. కేసు చాలా కాలం నడిచి, ఇద్దరూ విడిపోయారు. కూతురు తల్లి దగ్గరే ఉంది. అప్పటికి మేడం గుండె జబ్బుతో వెనక గదిలో మంచం పట్టారు. డాక్టర్ లేవొద్దన్నాడు. ముందు గదిలో ఆ పిల్లే కూర్చునేది. పని మాత్రం మేడం వదల్లేదు. ఆ పిల్ల టైపు చేసినదాన్ని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని దిద్ది, అక్కడి నుంచే ప్రింటర్‌కు పంపేవారు. చివరిసారి నేను చూడటానికి వెళ్ళినప్పుడు గమనించాను. ప్రింటర్ తీగ చుట్టేసి కిటికీలో పెట్టి ఉంది.

లోపల నుంచి మేడం అరిచారు. "వచ్చిందా?"

"వచ్చింది మేడం," అంది ఆ పిల్ల, ప్రింటర్లోంచి కాగితం తీస్తూ.

"మొదటి మాట సదువు."

ఆ పిల్ల చదివింది. "ఆఖరిది?" అదీ చదివింది. అప్పుడు గాని ఆమె వెనక్కి ఆనుకోలేదు.

"ఇప్పటికన్న నమ్మకం కుదిరిందా మేడం, ప్రింటర్ మీద?" అని అడిగాను.

"దాని మీదెందుకుంటది? అటు కూసున్న పిల్ల మీద ఉన్నది," అన్నారు. ఎక్కువ చెప్పేశానేమో అన్నట్టు తలుపు వైపు చూసి, "అది గూడ మొత్తం గాదు," అని కలిపారు.

నన్ను ఎవరైనా ఊరికే నమ్మితే నాకు సంతోషమే. మేడం అంతలా తరచి చూసి, ఎంతో కొంత నమ్మిన ఆ నమ్మకం విలువ వేరు. దాన్ని సంపాదించుకున్న వాళ్ళలో నేను ఉన్నానో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. పాస్‌వర్డ్ మాత్రం చివరిదాకా చెప్పలేదు.

దినాలు అయిపోయిన మరునాడు బోధన్‌లోనే ఉండి, బయలుదేరే ముందు ఆ గది దగ్గర ఆగాను. ముసలాయన ఒకడు నాలుగు మడతలు పెట్టిన కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఇంకా టైపు చేస్తారా అని అడుగుతున్నాడు. ఆ పిల్ల ఆయన్ని లోపలికి రమ్మని, కుర్చీ చూపించి, నాకు తలూపి, తలుపు దగ్గరికి వేసింది. నేను రోడ్డు మీదే నిలబడ్డాను. లోపల అక్షరాలు కొడుతున్న చప్పుడు మొదలైంది. చెరుకు ట్రాక్టర్ ఒకటి పాట పెట్టుకుని, దుమ్ము లేపుకుంటూ వచ్చింది. కాసేపు ఏమీ వినిపించలేదు. అది మలుపు తిరిగి, దుమ్ము అణిగాక, తలుపు వెనక నుంచి మళ్ళీ ఆ చప్పుడు వినిపించింది.