శనక్కాయల మిల్లు పక్క కంప్యూటర్

1997 మే నెల. పావగడ బస్టాండు దగ్గర నాకు చిన్న రిపేరు అంగడి ఉండేది. పదేళ్ళు రేడియోలు, టీవీలు బాగుచేసి, తర్వాత బెంగళూరులో మూడు నెలలుండి కంప్యూటర్ పని నేర్చుకొని వచ్చాను. అప్పటికి ఊళ్ళో ఉన్న కంప్యూటర్లను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో సగం నేనే బెంగళూరు నుంచి విడిభాగాలు తెచ్చి బిగించినవి. అసెంబుల్డ్ అంటాం వీటిని. వీటికి కంపెనీ పేరుండదు, బిగించినవాడి పేరే పేరు. దాంతో నాకు గర్వం కాస్త ఎక్కువగానే తలకెక్కింది.

అలా బిగించిన వాటిలో ఒకటి బజారులో సుబ్బయ్యశెట్టిగారిది. ఆయన చిల్లర అంగడి వెనకున్న రేకుల గదిలో డీటీపీ సెంటరు పెట్టారు. డీటీపీ అంటే కంప్యూటర్లో అక్షరాలు కూర్చి అచ్చుకు సిద్ధం చేయడం. ఆ గదికి, పక్కనున్న శనక్కాయలు పగలగొట్టే మిల్లుకి మధ్య ఒకటే గోడ. మిల్లు తిరిగితే ఎర్రటి పొట్టు గాల్లో తేలుతూ వచ్చి బల్లల మీద, పుస్తకాల మీద, చివరికి టీ గ్లాసులో కూడా పడేది.

అక్కడ టైపు చేసే అమ్మాయి రత్నమ్మ. బలసముద్రంలో గొర్రెలు కాసుకునే కుటుంబం. పీయూసీ, అంటే ఇంటర్, చదివి, కన్నడ టైపు నేర్చుకొని, రోజూ పొద్దున బస్సులో వచ్చేది. వాళ్ళింట్లో కుర్చీలో కూర్చుని చేసే పని ఆమెతోనే మొదలు.

ఆ రోజు పది గంటలకు శెట్టిగారి మనిషి పరుగున వచ్చి నన్ను పిలుచుకుపోయాడు. కంప్యూటర్ నిలిచిపోతూ ఉంది. పదకొండు ఊళ్ళ రైతుల పేర్లు టైపు చేసి, ఫ్లాపీలో వేసి, సాయంత్రం నాలుగు గంటల బస్సుకు తుమకూరు పంపాలి. సర్కారు ఇచ్చే విత్తన శనక్కాయల కోసం జాబితా అది. రెండేళ్ళుగా వానల్లేక విత్తనానికి దాచుకున్న కాయలు కూడా వండుకు తిన్న ఊళ్ళు. నేను వెళ్ళేసరికి నాలుగు ఊళ్ళే అయ్యాయి.

తెర మీద అక్షరాలు కొయ్యబారి ఉన్నాయి. మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. మేము దీన్ని హ్యాంగ్ అంటాం. అందులో దాచని పని అంతా గంగలో కలిసినట్టే. మిల్లు మోటారు వేసినప్పుడు కరెంటు తగ్గుతుంది కాబట్టి వోల్టేజీ సమస్యే అనుకున్నాను. స్టెబిలైజర్ మార్చాను. మళ్ళీ నిలిచింది. వైరస్ వెతికాను, లేదు. మళ్ళీ నిలిచింది. పన్నెండు దాటింది. అంగట్లో సరుకులకు వచ్చినవాళ్ళు ఏడెనిమిది మంది తొంగి చూస్తున్నారు. నాకు చెమటలు పట్టాయి.

"ఏందప్పా ఆంజినేయా, నువ్వే బిగించిన మిషన్ నీకే చేతకాకుండా ఉండాదే" అన్నారు శెట్టిగారు.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. అందరూ వినేటట్టే అన్నాను: "మిషన్లో ఏం లేదు శెట్టిగారూ. ఇది ఆపరేటర్ మిస్టేక్. వాడేవాళ్ళకు తెలీక ఏవేవో నొక్కితే ఇట్లే అయితాది."

మా వృత్తిలో ఇది చాలా అనుకూలమైన మాట. రోగం దొరకనప్పుడు వాడుకుంటాం. శెట్టిగారు రత్నమ్మ వైపు తిరిగారు.

"చూడమ్మా, నాలుగు గంటల బస్సుకు జాబితా పోకపోతే రేపటి నుంచి నువ్వు రావద్దు. మా బామ్మర్ది కొడుకు నేర్చుకున్నాడు, వాణ్ణి పిలుచుకుంటా" అని గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సొరుగు తెరిచి ఒక చీటీ తీసి నా ముందు పెట్టింది.

"అన్నా, ఈ కొలువు పోతే మా నాయన నన్ను మళ్ళా బస్సెక్కనీడు. నేను తప్పు నొక్కింటే నొక్కినానని చెప్తా. కానీ ఇది చూడు. నాలుగు దినాల నుంచి ఎప్పుడెప్పుడు నిలబడిపాయనో రాసి పెట్టినా."

చూశాను. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే గంటసేపు నడిచింది. పది గంటలకు అరగంట. పన్నెండుకు పావుగంట. నిలిచిన వెంటనే మళ్ళీ వేస్తే ఐదు నిమిషాలే. కాసేపు ఆపి వేస్తే కొంచెం ఎక్కువ. భోజనాలకని మిల్లు నిలిపిన ఒంటిగంటకు కూడా నిలిచింది.

అంటే వోల్టేజీ కాదు. నొక్కడం అంతకన్నా కాదు. ఎండ ఎక్కేకొద్దీ తొందరగా నిలుస్తూ ఉంది. చదవడం పూర్తికాకముందే స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాను, ఎందుకంటే ఆ పెట్టె లోపల ఏముందో నాకొక్కడికే తెలుసు.

జనవరిలో బిగించినప్పుడు, పొట్టు లోపలికి పోకూడదని పాత పంచె చింపి, గాలి పోయే కంతలకు లోపలివైపు నేనే గుడ్డ కట్టాను. భలే ఉపాయమని మురిసిపోయాను కూడా. ఎవరూ విప్పకూడదని పైన నా సంతకంతో కాగితం అంటించి, "ఇది చినిగితే నా బాధ్యత లేదు" అన్నాను. రత్నమ్మ దాన్ని ముట్టలేదు.

కాగితం చింపి మూత విప్పాను. వేడి మొహానికి కొట్టింది. మిల్లు మోటారు నుంచి వచ్చే నూనె జిడ్డు, పొట్టు పట్టి ఆ గుడ్డ అట్టలా అయిపోయింది. గాలి చొరబడే దారే లేదు. ప్రాసెసర్, అంటే లెక్కలన్నీ చేసే బిళ్ళ, దాని మీద వేడిని లాగే హీట్ సింక్ అనే అల్యూమినియం దిమ్మ ఉంటుంది. దానిపై చిన్న ఫ్యాను. గుడ్డ పక్క నుంచి దూరిన పొట్టు ఆ ఫ్యాను ఇరుసుకు చుట్టుకొని, అది తిరగడమే మానేసింది. దిమ్మ మీద వేలు పెట్టి, చురుక్కుమని తీసేశాను.

కొత్త ఫ్యాను కావాలంటే బెంగళూరు పోవాలి. టైము ఒంటిగంటన్నర. బ్రష్షుతో పొట్టు దులిపి, ఇరుసులో కుట్టుమిషన్ నూనె చుక్క వేశాను. మెల్లగా తిరిగింది. చాలదని చూస్తేనే తెలుస్తోంది. మూత తెరిచి పెడదామంటే పొట్టు నేరుగా లోపలికి పడుతుంది. రేకుల కింద గది పెనంలా కాలుతోంది.

"శెట్టిగారి సరుకుల గదికి తీసుకుపోదామన్నా" అంది రత్నమ్మ. "అది బండల మిద్దె, చల్లగా ఉంటాది. మిల్లుకు దూరం. ఎండకు మా గొర్రెలు ఒకదాని కింద ఒకటి తల దూర్చి గుంపైపోతాయి. మేం విడదీసి గాలికి నిలబెడతాం. దీన్ని కూడా అట్ల విడిగా పెట్టు, గోడకు ఆనించొద్దు."

చింతపండు మూటలు పక్కకు జరిపాం. శెట్టిగారు గొణుగుతూనే టేబుల్ ఫ్యాను ఇచ్చారు. పెట్టె మూత తీసి, ఫ్యాను గాలి నేరుగా దిమ్మకు తగిలేటట్టు పెట్టి, రెండు గంటలకు మొదలుపెట్టాం. ఇంకా ఏడు ఊళ్ళు.

వేడి కొలిచే సాధనం నా దగ్గర లేదు. నేల మీద కూర్చుని దిమ్మ మీద వేలు పెట్టాను. ఐదు లెక్కపెట్టేదాకా వేలు ఓర్చుకుంటే సరే. ఓర్చుకోలేకపోతే "సేవ్ చెయ్, ఆపు" అనేవాణ్ణి. ఆమె పని దాచి, చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చునేది. రెండు నిమిషాలు. మళ్ళీ మొదలు. ఆమె వేళ్ళ చప్పుడు వింటుంటే నాకు సిగ్గనిపించింది. నా జన్మలో అంత శుభ్రంగా టైపు చేసేవాళ్ళని చూడలేదు. మూడున్నరకు ఇంకా రెండు ఊళ్ళు మిగిలాయి. కరెంటు ఒకసారి మసకబారి వచ్చింది. మిషన్ నిలవలేదు.

నాలుగుకి ఐదు నిమిషాలుండగా ఫ్లాపీ బయటికి వచ్చింది. శెట్టిగారి మనిషి దాన్ని జేబులో పెట్టుకొని బస్టాండుకు పరుగెత్తాడు. బస్సు దొరికిందని తిరిగొచ్చి చెప్పి అంగట్లోకి వెళ్ళిపోయాడు.

శెట్టిగారు నా భుజం తట్టారు. "నువ్వుండబట్టి సరిపాయప్పా. లేకపోతే ఈ పిల్ల నా మిషన్ కాల్చేసి ఉండేది."

నేను నవ్వి ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే అలాగే వెళ్ళిపోవాలనుకున్నాను, స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుంటున్నాను కూడా. రత్నమ్మ మెల్లగా అంది: "అన్నా, పొద్దున శెట్టిగారి ముందర చెప్పినావు. ఇప్పుడు కూడా ఆయన ముందరే చెప్పు."

చెప్పాను. గుడ్డ కట్టింది నేనే, విప్పొద్దని కాగితం అంటించింది నేనే, తప్పు ఎక్కడుందో తెలీకుండా ఆ పిల్ల మీదికి తోసింది కూడా నేనే అన్నాను. శెట్టిగారు "రేపు మామూలుగా వచ్చేయమ్మా" అన్నారు ఆమెతో.

అప్పటి నుంచి మూత విప్పి, నా చేతిపనిని నేను చూసుకోకుండా ఎవరినీ తప్పు పట్టలేదు. అయితే నేను నేర్చుకున్నది అది మాత్రమే కాదు. మరుసటేడు ఒకాయన నా అంగడికి వచ్చి మాటల మధ్యలో అడిగాడు: "శెట్టి కంప్యూటర్ కాల్చేసిన పిల్ల ఇంకా ఆడనే ఉండాదా?" ఆ మధ్యాహ్నం సరుకులకు వచ్చి తొంగి చూసినవాళ్ళలో ఆయన ఒకడు. నేను నింద వేసింది అంతమంది ముందర, ఒప్పుకున్నది ముగ్గురమే ఉన్నప్పుడు. ఆయన్ని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాను. తర్వాత ఇంకొకరికి, ఆ తర్వాత మరొకరికి. అందరినీ చేరానో లేదో తెలియదు. అందుకే ఇక్కడ కూడా రాస్తున్నాను: ఆ కంప్యూటర్ కాలిపోలేదు, కాలేదాకా తెచ్చింది రత్నమ్మ కాదు, నేను.