వంతు మార్చుకున్న ఆదివారం

కార్తీకం వెళ్లి మంచు పట్టడం మొదలైతే మా చోడవరం చుట్టుపక్కల రైతులందరికీ ఒకటే బెంగ, కటింగ్ ఆర్డర్ ఎప్పుడొస్తుందా అని. ఫలానా రోజు నీ చెరకు నరికి తోలు అని ఫ్యాక్టరీ వాళ్లిచ్చే చీటీ అది. నాకు దానికి తోడు ఇంకో బెంగ కూడా ఉంది. సరిగ్గా అదే రోజుల్లో మా ఫుట్‌బాల్ సీజను మొదలవుతుంది.

సీజనంటే టీవీలో చూసేది కాదు. మాడుగుల, దేవరాపల్లి దారుల్లో ఉన్న ఎనిమిది ఊళ్ల వాళ్లు ఆదివారం సాయంత్రాలు కోత అయిపోయిన మళ్లలో ఆడుకునే పోటీలు. ఊరూరా క్రికెట్టు బ్యాట్లు పట్టుకు తిరిగే చోట మాకీ జబ్బు ఎలా అంటుకుందో నాకు తెలీదు. నేనేమీ ఆటగాణ్ని కాదు. గట్టు మీద నిలబడి గొంతు పోయేలా అరవడమే నా పని. ఇరవై ఏళ్లలో ఒక్క మ్యాచీ మానలేదు, ఆ ఇరవై ఏళ్లలో మా జట్టు ఒక్క కప్పూ తేలేదు. అయినా ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కప్పు వస్తే ఏ అరుగు మీద పెట్టాలో ఏటేటా ముందే అనుకుని పెట్టుకుంటాను.

ఈ ఏడు ఆశ పడటానికి కారణం ఉంది. మా కెప్టెన్ మా పక్కింటివాడే, డిగ్రీ చదివి సేద్యంలో దిగాడు. వాడి ఎడమకాలు వర్షాకాలమంతా బురదలో సాధన చేసి బాగా పదునెక్కింది. భయపడటానికీ కారణం ఉంది. పోయినేడు రెండు మ్యాచీలకు మావాళ్లు కనీసం ఏడుగురు కూడా పోగవలేదు. ఏడుగురు లేకపోతే ఆట లేదు. పోటీలు నడిపే పెద్దలు మమ్మల్ని కూచోబెట్టి తేల్చి చెప్పేశారు, ఈసారి ఒక్క మ్యాచీకి రాకపోయినా మీ జట్టును తీసేస్తాం, మీ చోటు కోసం ఇంకో ఊరు కాసుకుని ఉంది అని. ఒకసారి తీసేస్తే మళ్లీ చేర్చుకోవడమంటూ ఉండదు. యాభై దాటిన మనిషిని, ఆ గట్టు కూడా పోతే ఆదివారం సాయంత్రం నేనెక్కడికి వెళ్లాలి? నవ్వుతారని ఎవరితో అనలేదుగానీ, ఆ మాట తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

అలాంటప్పుడు నా కటింగ్ ఆర్డర్ వచ్చింది. మొదటి మ్యాచీ ఏ ఆదివారమో, సరిగ్గా ఆ ఆదివారానికే.

మా వీధిలో ఆరిళ్ల వాళ్లం, ఇంటికొకరు చొప్పున, బదుళ్లు చేసుకుంటాం. నా చెరకు నరకడానికి మీరొస్తే, మీ చెరకు నరకడానికి నేనొస్తాను. జట్టులో మొత్తం దొరికేది తొమ్మిదిమంది, అందులో ఐదుగురు ఆ ఆరిళ్ల వాళ్లే. వాళ్లు నా చేలో ఉంటే ఆటకు మిగిలేది నలుగురు. అంటే నా జట్టును నా చెరకే ముంచుతుందన్నమాట.

రాత్రంతా ఆలోచించి, తెల్లారగానే కాలవ అవతల ఉండే పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఆర్డర్ బుధవారానికి. వంతు మార్చుకుందామంటే వెంటనే సరేనన్నాడు. ఫ్యాక్టరీ తరఫున చెరకు చూసే ఉద్యోగి కూడా ఒప్పుకున్నాడు. పెద్దాయన బదుళ్లలో లేడు, బయటి నుంచి కూలీల ముఠాను తెచ్చుకుంటాడు. ఇక నావాళ్లు ఖాళీ. ఇంత తెలివి నాకెక్కడిదా అని రెండు రోజులు నా వీపు నేనే తట్టుకున్నాను.

శుక్రవారం అన్నం పెడుతూ మా ఆవిడ అడిగింది. "వంతు మార్సినప్పుడు మనుసులు మారరేటి? ఆదివారం ఆయన సేనికి ఎల్లాల్సింది మనోళ్లే కదా."

నిజమే. మా దగ్గర ఎవరి వంతు ఎవరు తీసుకున్నా, ఆ రోజుకు కుదిరిన మనుషులు కూడా ఆ వంతుతోపాటే వెళతారు. పసిపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. ముప్పై ఏళ్లుగా చెరకు పండిస్తున్న నేను, బంతి తలకెక్కి, మర్చిపోయాను.

మళ్లీ కాలవ దాటాను. ఆయన తన ముఠాకు బుధవారం నా చేలో పని ఉంటుందని అప్పటికే మాట ఇచ్చేశాడట. ఆదివారం మా ఐదుగురినీ మధ్యాహ్నానికే వదిలెయ్యమని బతిమాలాను. రెండు ట్రాక్టర్ల చెరకు, మధ్యాహ్నానికి ఎలా అవుతుంది? ఆయన కోప్పడలేదు, నిదానంగానే చెప్పాడు. "నరికిన సెరుకు ఎండలో పడుంటే బరువు తగ్గిపోద్ది బాబూ. బంతి రేపు కూడా గుండ్రంగానే ఉంటాది."

ఆదివారం మంచులోనే ఆరుగురం పెద్దాయన చేలో దిగాం. నేను పూనకం వచ్చినట్టు నరికాను. మొదటి ట్రాక్టరు పన్నెండింటికి కదిలింది. మూడయ్యేసరికి రెండోదానికి ఇంకా సగం చెరకు నిలబడే ఉంది. ఆట నాలుగింటికి. కెప్టెన్ చెరకు గడ కొట్టినప్పుడల్లా తలెత్తి మైదానం వైపు చూస్తున్నాడు. చివరికి కత్తి దించి అడిగాడు. "ఏటి సేద్దాం మావా?"

"మీరెల్లిపోండి. మిగిల్నది నేను నరుకుతాను."

ఐదుగురూ పెద్దాయన వైపు చూశారు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, తలగుడ్డ బిగించుకుని, నా పక్క సాలులో దిగాడు. వాళ్లు చేతులైనా కడుక్కోకుండా పరిగెత్తారు.

మైదానం అక్కడికి నాలుగు చేల అవతలే. ఈల వినిపించింది. తర్వాత కేకలు. ఎవరు ఎవరి మీద గోలు కొట్టారో తెలీదు. ఇరవై ఏళ్లలో మొదటిసారి, మా జట్టు ఆడుతుంటే నేను గట్టు మీద లేను. ప్రతి కేకకూ ఇంకో గడ కొట్టాను. అరచేతులు బొబ్బలెక్కి కత్తిపిడి జారిపోతోంది. ఆపితే ఏడుస్తానని ఆపలేదు.

పొద్దు వాలుతుండగా ఐదుగురూ జెర్సీలతోనే తిరిగొచ్చి, ఎవరూ చెప్పకుండానే మోపులు తలకెత్తుకున్నారు. కెప్టెన్ నా ముందు ఆగాడు.

"ఓడిపోనాం మావా. ఐదు గోల్లు."

"జట్టుందా?"

"ఉంది."

నేను చెరకు చాటుకు తిరిగి తలగుడ్డతో మొహం తుడుచుకున్నాను. వచ్చే ఆదివారం ఆట ఎవరితో అని అడిగాను. వాడు ఆ ఊరి పేరు చెప్పి, మోపు సర్దుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు. "ఆ రోజే మా నాన్న సెరుక్కి ఆర్డరొచ్చింది. ఎవలితోనైనా వంతు మార్సీమంటావా?"

"వొద్దు," అన్నాను. "నరకడానికి నాకు నాలుగు సాళ్లు ఒగ్గీ. మీరు ఆటకి ఎల్లండి."