జకర్యా సార్ గొడుగు

అవునండీ, నిమ్మకాయలకే పంపారు. గుండె డాక్టర్‌నే పంపారు. మీరు నవ్వుతారని తెలుసు గానీ సూపరింటెండెంట్ గది గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నవాణ్ని, నా కళ్లతో చూశాను. మా సికింద్రాబాద్ ఆస్పత్రి సూపరింటెండెంట్ జకర్యా గారికి ఒకటే పిచ్చి. తన సొంత పనులన్నీ డాక్టర్లకే చెప్పేవారు. చెప్పులు కుట్టించాలన్నా, వాచీకి బెల్టు వేయించాలన్నా, కళ్లజోడు మర బిగించాలన్నా ఎవరో ఒక డాక్టర్ వెళ్లాల్సిందే. అటెండర్‌కు మాత్రం చెప్పేవారు కాదు.

ఆ అటెండర్ని నేనే. పేరు కన్నారావు, మాది విజయనగరం అవతల. చదువు ఐదో క్లాసు. అంతకుముందు ముగ్గురు సూపరింటెండెంట్ల దగ్గర పరుగులు పెట్టి పనిచేశాను. ఈయన వచ్చాక స్టూలు అరిగిందో నేను అరిగానో తెలియకుండా పోయింది.

"సార్, నేను వెళ్లి తెస్తాను" అనేవాణ్ని.

"నువ్వు కూసో కన్నారావు. నీకు మోకాళ్ల నొప్పులు."

"నాకు నొప్పుల్లేవు సార్."

"వస్తయి. కూసో."

ఎవరిని పంపాలో ఎలా తేల్చుకునేవారో నాకు అంతుపట్టేది కాదు. పొద్దున రౌండ్లకు వెళ్తే పేషంట్ల మొహాల కంటే డాక్టర్ల మొహాలే ఎక్కువసేపు చూసేవారు. నర్సు మీద ఊరికే విసుక్కున్నవాళ్లు, టీలో రెండుసార్లు చక్కెర వేసుకున్నవాళ్లు ఆయన కంట పడ్డారా, ఆ రోజు వాళ్ల పని అయిపోయినట్టే. గదిలోకి పిలిచి, స్టెతస్కోపూ సెల్‌ఫోనూ టేబుల్ మీద పెట్టించి, చేతికి గుడ్డ సంచీ ఇచ్చేవారు.

గుండె డాక్టర్ కల్యాణ్ గారికి ఒకరోజు నిమ్మకాయల పని పడింది. పాపం ఆయన ఇరవై నిమిషాల్లో తెచ్చేశారు.

"ఇవి పచ్చిగున్నయి కల్యాణ్. జెర మార్చుకొని రా."

మరో ఇరవై నిమిషాలకు వచ్చారు.

"ఇవి మరీ పండినయి. ఏ.ఎస్. రావు నగర్‌ల మంచివి దొరుకుతయి. ఆరామ్‌గ పొయ్యి రా."

మూడోసారి రెండున్నర గంటలు పట్టింది. కల్యాణ్ గారు క్షవరం చేయించుకుని, కడుపునిండా బిర్యానీ తిని, ఈల వేసుకుంటూ వచ్చారు.

సార్ ఒక కాయ వాసన చూసి, "ఇవీ నిమ్మకాయలంటే!" అన్నారు.

"మొదట తెచ్చినవే సార్. కారులోనే ఉన్నాయి."

"అట్లనా? ఎండల మాగినట్టున్నయి."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నిమ్మకాయలు ఏరడంలో నన్ను మించినవాడు ఆస్పత్రిలో ఎవడున్నాడండీ?

అప్పుడు ఊళ్లో కంప్యూటర్ల జాతర నడుస్తోంది. అమెరికా డాక్టర్లు టేపులో చెప్పిన మాటలు విని టైపు చేసే కంపెనీలు మాదాపూర్ వైపు బోలెడు వెలిశాయి. అందులో తప్పులు దిద్దడానికి మన డాక్టర్లు కావాలి. ఏసీ గది, ఆదివారం సెలవు, ఇంటి ముందుకు బస్సు. చుట్టుపక్కల ఆస్పత్రుల్లో డాక్టర్లు ఒక్కొక్కరే మందు చీటీలు వదిలేసి ఆ బస్సెక్కారు.

మా జనరల్ వార్డు డాక్టర్ సుధమ్మ గారికీ అలాంటి ఒక కంపెనీ నుంచి ఉద్యోగం కాగితం వచ్చింది. ఆవిడదీ మా వైపే కాబట్టి నన్ను బాబాయ్ అని పిలిచేది. అప్పటికి మూడు రోజులుగా డ్యూటీ మీదే ఉండి ఇంటికి వెళ్లలేదు. ఆ పొద్దున లిఫ్టులో నా ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, "గట్టిగా ఊపిరి తీసుకోండి" అంది.

"అమ్మా, నేను కన్నారావుని!"

"అయ్యో, బాబాయ్..." అని గోడకు తల ఆనించుకుంది. "నావల్ల కాదు బాబాయ్. సోమవారం నుంచి ఆ కంపెనీకి వెళ్లిపోతున్నాను. ఇదిగో రాజీనామా."

ఆమె చెయ్యి పడితే జ్వరం తగ్గుతుందని తార్నాక నుంచి కూడా జనం వచ్చేవారు.

సుధమ్మ సార్ గదిలోకి వెళ్లి ఆ రాజీనామా ఇచ్చింది. ఆపి బతిమాలతారేమో అని నేను చెవి తలుపుకు ఆనించాను.

"మంచిగొచ్చినవ్ సుధమ్మా" అన్నారు సార్. "చిలకలగూడల పేతురు దగ్గర నా గొడుగున్నది, రిపేరుకిచ్చిన. జెర తెచ్చియ్యి."

మే నెలండీ! ఆకాశంలో మబ్బు తునక లేదు! ఆవిడ ఫోను టేబుల్ మీద పెట్టేసి సంచీ పట్టుకుని వెళ్లిపోయింది.

నాకు ఓపిక తెగిపోయింది. సరాసరి కిందికి దిగి, రూపాయి ఫోనులో మా ఆస్పత్రి నడిపే ట్రస్టు సెక్రటరీ నరసరాజు గారికి కొట్టాను. "సార్, ఇక్కడ డాక్టర్ల చేత గొడుగులు మోయిస్తున్నారు. నా పని పోయింది, ఇప్పుడు డాక్టరమ్మా పోతోంది. మీరు రావాలి."

అరగంటలో వచ్చారు. ఎగిరెళ్లి సార్ గది తలుపు తీశాను. గదిలో ఎవరూ లేరు. వెనక వైపు చిన్న తలుపు తెరిచి ఉంది.

వెతుక్కుంటూ వెళ్తే, జకర్యా సార్ సుధమ్మ కుర్చీలో ఉన్నారు. ముందు నలభై మంది పేషంట్ల వరుస. ఒక ముసలమ్మకు నాలుక చాపమని చెప్తూ తానూ చాపి చూపిస్తున్నారు.

"ఇదేమిటండీ?" అన్నారు నరసరాజు గారు.

"డాక్టర్ సుధ బయటికి పోయింది. ఆమె పని నేను చేస్తున్న."

"గొడుగు కోసం డాక్టర్‌ని పంపుతారా?"

సార్ ముసలమ్మకు మందు రాసిచ్చి, లేచి పక్కకొచ్చి గొంతు తగ్గించారు. "మూడు దినాల సంది ఇంటికి పోలేదు సార్ ఆ పిల్ల. పొయ్యి పడుకోమంటే పోతదా? పేషంట్లున్నరంటది. సెలవిస్తే తనకు చేతకాదంటున్ననని పరేషాన్ అయితది. ముసలోని గొడుగంటే మాత్రం పోతది."

"మరి నాకు చెప్పొచ్చు కదా?"

"ఇంకిద్దరు డాక్టర్లు కావాలని మూడు ఉత్తరాలు రాసిన సార్. మీ టేబుల్ మీదనే ఉంటయి, చూడున్రి."

నరసరాజు గారు నేల చూపులు చూశారు. నేనూ చూశాను. డాక్టర్లు చెప్పుల కోసమో నిమ్మకాయల కోసమో వెళ్లిన ప్రతిసారీ వాళ్ల డ్యూటీ ఈయనే చేసేవారన్నమాట. నేను మాత్రం అన్నేళ్లూ ఖాళీ గదికి కాపలా కాశాను!

మూడు గంటలకు సుధమ్మ తిరిగొచ్చింది. బుగ్గ మీద నవారు అల్లిక అచ్చు పడింది. పేతురు, "పది నిమిషాల్ల అయితది, కూసో డాక్టరమ్మా" అని నవారు మంచం వేశాడట. అంతే, ఒళ్లు తెలియని నిద్ర. లేచేసరికి పేతురు పెళ్లాం చేపల పులుసు వడ్డించిందట.

నరసరాజు గారు గొంతు సవరించుకుని అడిగారు. "చూడమ్మా, సూపరింటెండెంట్ గారు మీ చేత సొంత పనులు చేయిస్తారా?"

సుధమ్మ తన కుర్చీలో ఉన్న సార్‌ని చూసింది. పేషంట్ల వరుస చూసింది. ఆమెకు అంతా అర్థమైపోయింది.

"చేయిస్తారండీ. నెలకు ఒక్కసారే. ఇంకాస్త ఎక్కువ చేయించమని చెప్పండి."

సార్ జేబులోంచి ఆమె కాగితం తీశారు. "గొడుగేదమ్మా?"

"రేపు రమ్మన్నాడు సార్."

"అయితే ఈ కాగితం సుత రేపు చూద్దాం తియ్యి."

ఆమె నవ్వుతూ కాగితం తీసుకుని సంచీలో వేసుకుంది. సోమవారం నాడు కంపెనీ బస్సు ఆమె ఇంటి ముందు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది.

ఆ నెలలోనే ఇద్దరు కొత్త డాక్టర్లొచ్చారు. రాత్రి డ్యూటీ చేసినవాళ్లు మర్నాడు ఆస్పత్రిలో కనబడకూడదని సార్ రూలు పెట్టారు, కనబడితే సంచీయే. గర్వంగా చెబుతున్నానండీ, ఆయన ఉన్నన్నాళ్లూ మా ఆస్పత్రి నుంచి ఒక్క డాక్టరూ ఆ బస్సెక్కలేదు.

రిటైరై సైనిక్‌పురి వెళ్లిపోయే రోజు సార్ నన్ను లోపలికి పిలిచారు. "కన్నారావు, ఈ పని నీదే. పేతురు దగ్గర నా గొడుగు తెచ్చియ్యి."

ఆయన నాకు చెప్పిన మొదటి పని! పరుగున వెళ్లాను. గొడుగు మేకుకు వేలాడుతోంది, మీద వేలెడు దుమ్ము.

"రిపేరు అయిందా పేతురూ?"

"అది ఖరాబైతే గద! ఎన్నడు కాలే."

చెయ్యి చాపితే చేతి మీద ఒక్కటేశాడు. "నువ్వు తీస్కపోతే డాక్టర్లు దేనికొస్తరు? రేపు రాపో."

ఇప్పుడు సార్ గదిలో సూపరింటెండెంట్‌గా సుధమ్మ కూర్చుంటోంది. గొడుగు తెచ్చేయనా అని ఆమెను అడిగితే, "తెచ్చావంటే ఊరుకోను బాబాయ్" అంది.

సైనిక్‌పురిలో వాన పడ్డప్పుడల్లా సార్ ఫోను చేస్తారు. నిన్న కూడా చేశారు.

"ఏందయ్యా కన్నారావు, నా గొడుగేది? ఈడ తడుస్తున్న."

"రేపు తెస్తాను సార్."

"తొందర లేదు. ఆరామ్‌గ తే."