కొత్త కాకముందు కందికాయలు

కడుపుతో ఉన్న ఏడాది నా నాలుక నా మాట వినలేదు. అన్నం సహించేది కాదు, టీ వాసన పడేది కాదు. పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టుకు తినాలని ఒకటే యావ. ఇంటి వెనక మెట్టలో కంది విరగకాసి ఉంది. కాఫీ పళ్ళు కోసుకుని వస్తూ ఓ సాయంత్రం ఒడినిండా కాయలు తెంపుకొచ్చాను.

పొయ్యి మీద గిన్నె పెట్టేసరికి మా అత్త గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇంకా కొత్త అవనేదు కదమ్మా," అంది.

మా కొండల్లో ఏ పంటయినా ఊరంతా కలిసి కొత్త పండగ చేసి, దేవతకి పెట్టాకే నోట్లో వేసుకుంటారు. ముందే తింటే ఇంటికి కీడని నమ్మకం. నేను పుట్టిన ఇంట్లో తాతల నాటి నుంచీ చర్చికి వెళ్తున్నారు, మాకా పట్టింపులు లేవు. అత్త కూడా కిందటి ఎండాకాలంలో వాగులో బాప్తిస్మం తీసుకుంది. ఇంకా ఈ భయమేమిటని చిరాకేసింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"భూమీ ప్రభువుదే, కందీ ప్రభువుదే. మనకింకెవరి సెలవు కావాలత్తా?" అన్నాను.

"నిజమే. నువ్వు తిను. నాను బయట కూకుంటాను."

ఉడికాక గిన్నె పట్టుకుని నేనూ పంచలోకి వెళ్ళాను. ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. చేతులు వణుకుతున్నాయి. ఏమైందని అడిగాను.

"నాను ఇలాగే కడుపుతో ఉన్నప్పుడు, కొత్త కాకముందే దొంగతనంగా తిన్నాను. ఆ గుంట పుట్టి నెల తిరక్కుండానే పోయింది. జొరమని ఆసుపత్రిలో సెప్పినారు. జొరమే అయ్యుంటాది. నాకు తెలుసు. తెలిసినా సేతులు ఆగవమ్మా."

చెప్పడానికి నా దగ్గర బైబిలు వాక్యాలున్నాయి. అన్నీ నిజమైనవే. ఆ చేతులు చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. గిన్నె తీసుకెళ్ళి మేకల ముందు కుమ్మరించి, లోపలికెళ్ళి ఏడ్చాను. సగం ఆ పోయిన పసిదాని కోసం, సగం కందికాయల కోసం.

అన్నాల దగ్గర మా ఆయన, "పండగ అయ్యాక తిందువులే," అన్నాడు.

"అప్పుడది దేవతకి పెట్టిందవుతాది. ప్రభువుని నమ్ముకున్నోలం, మనం ముట్టకూడదు," అంది అత్త.

ముందూ కుదరదు, తర్వాతా కుదరదు. ఆయనకి నవ్వుతో పొలమారింది. నాకు నవ్వు రాలేదు.

తినే హక్కు నాకుంది. వదులుకోమని ఆవిడ అడగనూ లేదు. అడిగుంటే పోట్లాడి తినేసేదాన్నేమో. అడగలేదు కాబట్టే ముట్టలేకపోయాను. చేను దారి మానేసి, చుట్టూ తిరిగి కాఫీ తోటకి వెళ్ళడం మొదలుపెట్టాను. దారిపొడవునా నాలో నేను గొణుక్కునేదాన్ని. అలాగని ఆవిడ మీద ప్రేమ తగ్గిందీ లేదు.

ఓ ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి రేకుల షెడ్డు మెట్ల మీద అత్త నన్ను ఆపింది. "సేను దారిన రావడం మానేసినావేటి?"

"కాయలు కనిపిస్తే ఆగలేనత్తా."

"నా కోసరమేటి?"

"మరెవరి కోసం?" అన్నాను, కాస్త విసురుగానే.

మర్నాడు కందికాయలు ఉడుకుతున్న వాసనకి మెలకువ వచ్చింది. పొయ్యి ముందు అత్త కూర్చుని ఉంది. నేను చెయ్యి చాపితే పక్కకి తోసేసింది.

"నువ్వాగు. అయితే గియితే ముందు నాకే అవ్వాల."

ఓ కాయ ఒలుచుకుని, గింజలు నోట్లో వేసుకుని, మందు మింగినట్టు మింగింది. గుమ్మంలో కూర్చుని, మంచు విడి ఎదుటి కొండ కనిపించేదాకా అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత వచ్చి గిన్నె నా ముందు పెట్టింది.

"నాకేటీ అవనేదు. తిను."

ఆవిడే ఒలిచి నా చేతిలో పోస్తూ, నెమ్మదిగా అడిగింది.

"భయం పోయి తిననేదమ్మా. నువ్వు నోరు కట్టుకోడం సూడనేక తిన్నాను. దీన్ని ప్రభువు ఒప్పుకుంటాడంతావా?"

"ఒప్పుకుంటాడత్తా," అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ దేన్నీ నమ్మలేదు.