కొండమీద క్రిస్మస్ పులావు

మొన్న భవానీపురంలో మా ఇంటి దగ్గరి సూపర్ మార్కెట్లో ఒక ప్యాకెట్ కంటబడింది. "వేడినీళ్ళు పోస్తే చాలు, పులావ్ రెడీ" అని రాసుంది దానిమీద. నీళ్ళు పోస్తే చాలట! అక్కడే నిలబడి పైకే నవ్వేశాను. బిల్లు కొట్టే అమ్మాయి తలెత్తి, "ఏంటండీ, ఆఫర్ ఏమన్నా ఉందా?" అంది. ఆఫర్ కాదమ్మా, మా అక్క గుర్తొచ్చింది అంటే ఆ పిల్లకేం అర్థమవుతుంది? ఏమీ లేదని చెప్పి, కొనాల్సిన చింతపండు మరిచిపోయి ఇంటికొచ్చాను.

అమ్మ పోయిన ఏడాది సంగతి ఇది. మా ఇంట్లో క్రిస్మస్ అంటే అమ్మ చేసే కోడి పులావే. ఆరాధన ముగించుకుని చర్చి నుంచి వస్తుంటే, నేతిలో వేగిన ఏలకుల వాసన వీధి మలుపు దాకా ఎదురొచ్చేది. ఆ వేసవిలో అమ్మ పోతే అక్క ఏడవలేదు. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసిన మనిషి. సమాధి కార్యక్రమం నాడు కూడా వచ్చినవాళ్ళకి కాఫీలు అందాయా లేదా అని చూస్తూ తిరిగింది. తీరా డిసెంబరు వచ్చేసరికి, "ఆ వంటింట్లో ఈసారి నేను పండగ చెయ్యలేన్రా. ఎక్కడికన్నా పోదాం" అంది. మా బావ డ్రిల్లు మాస్టారుగా రిటైరైన మనిషి, కొండలెక్కడమంటే ఆయనకి పిచ్చి. ఆ మాట కోసమే కాచుకున్నట్టు కొండపల్లి అడవిలో మూడు రోజుల నడక ఖాయం చేశారు. పండగ సరిగ్గా మధ్యరోజు వస్తుంది. మా ఆవిడ మోకాళ్ళ నొప్పుల వంకతో ఇంట్లోనే ఉండి మా ముగ్గురి కోసం ప్రార్థన చేస్తానంది. ఆ మాటలో భక్తి ఎంతో, వెటకారం ఎంతో నాకు తేలలేదు.

ఊరొదిలి పోదామన్న అక్క, పులావును మాత్రం వదల్లేదు. ఉల్లిపాయలు ఇంట్లోనే ఎర్రగా వేయించింది. కోడిమాంసం ఉప్పూ పసుపూ వేసి, చెమ్మ లేకుండా ఎండిపోయేదాకా వేపింది. ఇక కొండమీద బియ్యం ఉడికించడమే మిగిలింది. కట్టెలు ముట్టించకూడదని అటవీశాఖ వాళ్ళ షరతు కాబట్టి చిన్న గ్యాస్ స్టవ్ తీసుకున్నాం. అక్క హాల్లో అన్నీ పరిస్తే బావ ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి బరువు చూస్తున్నారు. నెయ్యి సీసా దగ్గర గొడవ మొదలైంది.

"అటుకులూ ఖర్జూరాలూ చాలు. ఇదంతా ఎవరు మోస్తారు?"

"పండగపూట అటుకులు తినేదైతే నేనసలు రాను."

"అన్నం వండాలంటే నీళ్ళు కావాలి. అక్కడ కుళాయి ఉండదు."

"ఊట ఉందని మీరేగా అన్నారండీ?"

"ఉంది" అన్నారు బావ. ఆ ఒక్క మాటతో వాదన ఆగింది గానీ, బయల్దేరేదాకా ఇద్దరి మధ్యా కబుర్లు మోసింది నేనే. ఉప్పు సర్దారా అన్న ప్రశ్న కూడా నా మీదుగానే వెళ్ళింది.

మొదటి రోజు హాయిగా గడిచింది. పండగనాడు తెల్లవారుతూనే బండమీద కూర్చుని పాట పాడి ప్రార్థన చేసుకున్నాం. దూరాన ఇబ్రహీంపట్నం కరెంటు కేంద్రం పొగగొట్టాలు, కింద ఎండకి తళతళలాడుతూ కృష్ణానది. ఊట దగ్గరికి చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. ఊట లేదు. ఎండుటాకుల కింద బీటలు వారిన బురద ఉంది. మా సీసాల్లో అడుగున కాసిని నీళ్ళు. అక్క బావ వైపు ఒక్క చూపు చూసి, సీసాల మూతలు బిగించింది. తిట్టుంటే బాగుండేది. బావ క్యాన్లు రెండూ తీసుకుని, "వాగులో కిందికి చూసొస్తా. ఇక్కణ్ణుంచి కదలకండి" అని తుప్పల్లోకి దిగిపోయారు.

నీడలు సాగడం మొదలైంది, ఆయన రాలేదు. ఫోన్ చేస్తే మా పక్కనున్న సంచిలోంచే మోగింది. అంత ఏటిని కళ్ళెదుట పెట్టుకుని నాలుక పిడచకట్టుకుపోయి కూర్చున్నాం. సీసా అందుకోబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆయనొచ్చేదాకా ఎవరం ముట్టుకోవద్దు." లేచి "ఏవండీ!" అని అరిచింది. ఎదురుకొండ మళ్ళీ "అండీ" అంది. ఇంకోసారి అరిచింది. మూడోసారి అరవబోయి నా పక్కన కూలబడింది.

"అటుకులకైతే ఈ నీళ్ళు సరిపోయేవిరా. నా పులావు కోసం దిగారు" అంది.

నేను వెతకడానికి లేచాను. గభాల్న మణికట్టు పట్టేసుకుంది. "నువ్వూ కనపడకపోతే నేనెవరి కోసమని అరవను?"

కింద ఎక్కడో రాయి దొర్లింది. తరవాత తుప్పలు కదిలాయి. బావ కుంటుతూ పైకొచ్చారు. మోచెయ్యి గీసుకుపోయింది, ఒక క్యాను లేదు, రెండోది సగం నిండి ఉంది. పాకుడు బండమీద జారారట. అక్క ఆయన్ని కూర్చోబెట్టి సీసా నోటికందించి, చీలమండ నొక్కి చూసింది. "కదపండి. ఇక్కడా నొప్పి?" అంటూ చున్నీతో బిగించి కట్టింది. ముడి వేస్తూ, "అమ్మ ఎటూ లేదు, ఇంక మీరు కూడా..." అని ఆగిపోయింది.

"స్టవ్ వెలిగించు" అన్నారు బావ.

"అక్కర్లేదండీ. అటుకులు తిందాం."

"కాలు బెణికించుకుని తెచ్చింది అటుకుల కోసమా? వండు."

ఆ నీళ్ళని గుడ్డలో వడగట్టి, బాగా మరిగించి, తాగడానికి కొన్ని తీసిపెట్టి, మిగిలినవాటిలో బియ్యం వేసింది. చాల్లేదు. అన్నం పళ్ళకింద పటపటమంది. బావ శ్రద్ధగా నమిలి, "బాగుంది" అన్నారు. అక్క ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. "అమ్మయితే దీన్ని కాకులక్కూడా పెట్టేది కాదు" అని ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులోకి జారిపోయింది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, వేసవి నుంచీ దాచుకున్నదంతా ఏడ్చింది. బావ కట్టుకట్టిన కాలు చాపుకుని ఆమె వీపు నిమురుతూ కూర్చున్నారు. నేను కృష్ణ వైపు తిరిగి నా పళ్ళెం ఖాళీ చేశాను.

మర్నాడు బావ నా భుజం పట్టుకుని దగ్గరిదారిన కిందికి దిగారు. కాలు కొన్ని వారాలకి కుదుటపడింది. మరుసటి క్రిస్మస్‌కి అక్క అమ్మ వంటింట్లోనే పొయ్యి వెలిగించింది, ఎవరూ అడక్కుండానే. ఆ పండగలన్నీ ఇప్పుడు నాకు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, ఏ ఏడాది ఏం తిన్నామో చెప్పలేను. ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం, ఆయన తుప్పల్లోకి దిగినప్పటి నుంచి రాయి దొర్లేదాకా, ఇన్నేళ్ళయినా నాలో ఇంకా గడుస్తూనే ఉంది.